పక్క పలకలు ఉన్నంత మాత్రాన సైడ్‌లాక్ కాదు: ఎయిబార్ జోడు గొట్టాల తుపాకి లోపల ఏముంటుంది

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. టెక్సాస్‌లో ఒక పెద్దాయన ఇంటి సామాను అమ్ముతుంటే మీరు 12 బోర్ జోడు గొట్టాల తుపాకి కొన్నారు. గొట్టాల మీద ఎయిబార్ అని, అంటే స్పెయిన్‌లో తుపాకులు చేసే ఒక ఊరి పేరు, చెక్కి ఉంది. చెక్కకు రెండు వైపులా పూలతీగలు చెక్కిన ఉక్కు పలకలు ఉన్నాయి. ఒక్కో పలక మీద ఒక్క స్క్రూ తల తప్ప మరేమీ కనిపించడం లేదు. మీటలు, అంటే ట్రిగ్గర్లు, రెండు. తెరిస్తే తూటాలు కొద్దిగా పైకి లేస్తాయే గాని ఎగిరి బయట పడవు. అమ్మినవారు ‘ఇది సైడ్‌లాక్, మేలు రకం’ అన్నారు. మాటల మధ్యలో ‘ఒకసారి రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి’ అని కూడా చెప్పారు. ఇది నిజంగా సైడ్‌లాకేనా, సెప్టెంబరులో పావురాల వేటకు తీసుకువెళ్లవచ్చా అని అడిగారు.

అది సైడ్‌లాక్ కాదు, పలకలు తొడిగిన బాక్స్‌లాక్. రెండు లాకులనూ, అంటే ఒక్కో గొట్టాన్ని పేల్చే యంత్రాలను, తెలిసినవారు విప్పి చూసేవరకు అందులో తూటా పెట్టకండి. మొదటి మాట విని బాధపడవలసిన పని లేదు. రెండో మాటను మాత్రం తేలికగా తీసుకోకండి.

నేను ఇరవై రెండేళ్లుగా పెన్సిల్వేనియాలో పాత తుపాకులు బాగుచేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇంగ్లండ్, స్పెయిన్ దేశాల జోడు గొట్టాల తుపాకులే. మీలాంటి తుపాకి, మీలాంటి అనుమానం నాకు ఏటా నాలుగైదుసార్లు ఎదురవుతాయి.

ముందు పలకల సంగతి. తుపాకి గుర్రం అని మన పెద్దలు అనేవారే, మీట నొక్కితే వచ్చి తూటా వెనుక సూదిని కొట్టే భాగం, ఈ తుపాకుల్లో అది బయటికి కనపడదు. అది ఎక్కడ బిగించి ఉందన్న దాన్ని బట్టే సైడ్‌లాక్, బాక్స్‌లాక్ అనే పేర్లు వచ్చాయి. సైడ్‌లాక్‌లో యంత్రమంతా పలక లోపలి ముఖానికే బిగించి ఉంటుంది. గుర్రం ఇరుసు, గుర్రాన్ని ఆపి ఉంచే సియర్ అనే కొక్కెం తిరిగే పిన్ను, వీటన్నిటినీ పట్టి ఉంచే బ్రిడిల్ కాళ్లు, అన్నీ పలకలోకి దిగుతాయి. అందుకే పలక బయటి వైపు ఐదో ఏడో పిన్నుల కొనలు, చెక్కుడు పనిలో కలిసిపోయినా సరే, వెతికితే కనిపిస్తాయి. మంచి తుపాకుల్లో గుర్రం ఇరుసు కొన మీద సన్నని బంగారు గీత ఉంటుంది. అది ఎటు తిరిగి ఉందో చూసి గుర్రం ఎక్కుపెట్టి ఉందో లేదో చెప్పవచ్చు. మీ పలక మీద ఒక్క స్క్రూ తలే ఉందంటే, ఆ పలక వెనుక ఉన్నది చెక్క మాత్రమే అని దాదాపు చెప్పవచ్చు.

కొందరు పనివారు ఉత్తుత్తి పలకల మీద కూడా పిన్నుల బొమ్మలు చెక్కుతారు. కాబట్టి లెక్క ఒక్కటే చాలదు. పలక ముందు అంచు ఎక్కడిదాకా వెళ్లిందో కూడా చూడండి. స్ప్రింగు ముందు వైపు ఉండే అసలైన సైడ్‌లాక్‌లో పలక నాలుకలా ముందుకు సాగి, గొట్టాల కింద ఉండే ఉక్కు దిమ్మె పక్కల్లోకి చొచ్చుకుని ఉంటుంది. తొడుగు పలక ఆ దిమ్మె వెనుక అంచు దగ్గరే ఆగిపోతుంది. మీరు పంపిన రెండో ఫోటోలో అది స్పష్టంగా తెలుస్తోంది. అదే ఫోటోలో దిమ్మె కింది భాగంలో అడ్డంగా దిగిన పిన్నుల కొనలు కూడా ఉన్నాయి. గుర్రాలు, సియర్లు తిరిగేది వాటి మీదే. అది బాక్స్‌లాక్ సంతకం.

ఈ బాక్స్‌లాక్‌ను తక్కువగా చూడకండి. 1875లో బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థలో పనిచేస్తున్న ఆన్సన్, డీలీ అనే ఇద్దరు దీనికి పేటెంటు తీసుకున్నారు. ఒక్కో గొట్టానికి గుర్రం, సియర్, స్ప్రింగు, ఎక్కుపెట్టే లీవరు, అంతే. లీవరు ముందు కొన బందు దగ్గర ఉక్కు దిమ్మెలోంచి బయటికి వచ్చి, గొట్టాల కింది చెక్కకున్న ఇనుములో కూర్చుంటుంది. తుపాకి తెరిచినప్పుడు గొట్టాలు కిందికి వంగుతాయి, లీవరు ముందు కొన కూడా వాటితో దిగుతుంది, వెనుక కొన లేచి గుర్రాన్ని ఎక్కుపెడుతుంది. గొట్టాల బరువే ఆ పని చేయడం నాకు ఇప్పటికీ ఎంతో అందంగా కనిపిస్తుంది. దాదాపు నూట యాభై ఏళ్లుగా ప్రపంచమంతా దీన్నే అనుకరిస్తోందంటే కారణం ఉంది. భాగాలు తక్కువ, ఉన్నవి లావుగా ఉంటాయి. యంత్రం కోసం చెక్కను లోతుగా తొలవవలసిన పని లేదు.

దీనికి బలహీనత లేదని కాదు. గుర్రాలకు, స్ప్రింగులకు చోటు కోసం ఉక్కు దిమ్మెనే లోపల తొలుస్తారు. గొట్టాల వెనుక నిలువుగా లేచిన గోడ, కింద పడుకున్న పట్టె కలిసే మూల మీద ప్రతి పేలుడుకూ ఒత్తిడి పడుతుంది. మంచి పనివాడు ఆ మూలను గుండ్రంగా వదులుతాడు. తొందరపనిలో అది పదునైన కోణంగా మిగిలిపోతుంది, బీట ఎప్పుడైనా పుడితే అక్కడే పుడుతుంది. స్ప్రింగు ముందుండే సైడ్‌లాక్‌లోనూ ఆ పట్టె పక్కలను తొలవక తప్పదు. సైడ్‌లాకుల్లో పట్టెకు కోత పెట్టని పద్ధతి స్ప్రింగును గుర్రం వెనక్కు పెట్టిన బ్యాక్ యాక్షన్ ఒక్కటే. గుర్రాలు బయటికి కనిపించే పాత తుపాకుల్లో అది తరచు కనిపిస్తుంది. అయితే అందులో చెక్క మణికట్టు సన్నబడిపోతుంది.

మరి సైడ్‌లాక్‌కు అంత పేరు ఎందుకు? అందం ఒక కారణం, చెక్కేవారికి చోటు దొరుకుతుంది. ఉక్కు దిమ్మె లోపల ఇరుకు లేదు కాబట్టి లాకును తీరిగ్గా అమర్చవచ్చు, మీట నొక్కుడు శుభ్రంగా తేలుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద కారణం రెండో సియర్. మీ రెండు గొట్టాలూ కలిసి పేలిన సంగతి ఇక్కడికే వస్తుంది కాబట్టి దీన్ని కొంచెం విడమరచి చెబుతాను.

ఎయిబార్, ఎల్గోయిబార్ ఊళ్లలో తయారైన మేలైన సైడ్‌లాకులు దాదాపు అన్నీ లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ పద్ధతి మీద నడుస్తాయి. ఏవైఏ, అంటే అగిర్రె ఇ అరాన్సబాల్ వారి నంబర్ 1, నంబర్ 2 రకాలు, ఎల్గోయిబార్‌లోని అర్రియేతా తుపాకులు, గార్బి, గ్రుయ్యా, పేద్రో అర్రిసబలాగా వంటివన్నీ ఈ కుటుంబమే. ఈ లాకులో గుర్రాన్ని పట్టి ఉంచే మొదటి సియర్ కాక, పక్కనే మరొకటి కాపలా కాస్తుంది. మీట నొక్కితే రెండూ కలిసి లేస్తాయి, గుర్రానికి దారి ఇస్తాయి. మీట నొక్కకుండా, తుపాకి కింద పడో అదురుకో మొదటిది జారిందనుకోండి, గుర్రం కదిలిన మరుక్షణమే రెండోది దాన్ని మధ్యలో పట్టేస్తుంది. సూది దాకా పోనివ్వదు.

మామూలు బాక్స్‌లాక్‌లో ఈ కాపలా లేదు. చెక్క మెడ మీద ఉండే సేఫ్టీ బొత్తాం ఆపేది మీటలను మాత్రమే. గుర్రాన్ని కాదు, సియర్‌ను కాదు. సియర్ అరిగి జారిపోతే సేఫ్టీ వేసి ఉన్నా గుర్రం పడుతుంది. తుపాకి పట్టుకునే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలని కోరుకుంటాను.

ఇప్పుడు రెండు గొట్టాలు కలిసి ఎందుకు పేలతాయి? నేను చూసినంతలో కారణాలు కొన్నే.

ఎక్కువగా కనిపించేది సియర్ కొన, గుర్రం గాడి కలిసే చోట అరుగుదల. అక్కడ ఆనుకుని ఉండే మేర మిల్లీమీటరులో భాగమే. మొదటి గొట్టం పేలిన అదురుకు రెండోవైపు సియర్ జారిపోతుంది. ఈ అరుగుదలకు తయారీదారునే తిట్టడం చాలామందికి అలవాటు. పాత స్పెయిన్ తుపాకుల ఉక్కు మెత్తన అనే మాట అలా పుట్టింది. అందులో కొంత నిజం ఉంది. అయితే నా అనుభవంలో సగానికి పైగా తప్పు తరువాత చేయి పెట్టినవారిదే. ఈ చిన్న భాగాలు లోపల మెత్తని ఉక్కే, పైపొరను మాత్రం కార్బన్ పట్టించి గట్టిపరుస్తారు. ఆ పొర చాలా పలుచన. మీట గట్టిగా ఉందని ఎవరో సానరాయితో నాలుగుసార్లు రుద్దుతారు. ఆ రోజుకు మీట వెన్నలా కదులుతుంది. గట్టి పొర పోయింది కాబట్టి కింది మెత్తని ఉక్కు రెండు మూడు సీజన్లలో గుండ్రంగా అరిగిపోతుంది.

ఆరేళ్ల క్రితం నా దగ్గరికి ఒక ఎయిబార్ బాక్స్‌లాక్ వచ్చింది. ఎడమ గొట్టానికి చెందిన వెనుక మీట బరువు కొలిస్తే 900 గ్రాములకే విడిచిపెట్టింది. ముందు మీట 1.6 నుంచి 1.8 కిలోలు, వెనుక మీట అంతకన్నా కాస్త ఎక్కువ ఉండాలి. 1.4 కిలోలకు తగ్గితే నేను ఆ తుపాకిని తిరిగి ఇవ్వను. విప్పి చూస్తే గాడి అంచు అద్దంలా మెరుస్తోంది, ఎవరో ఎంతో శ్రద్ధగా రుద్దారు. గాడిని మళ్లీ సరైన కోణంలో తీర్చి, గుర్రాన్నీ సియర్‌నూ తిరిగి గట్టిపరిచాను. ఆ తుపాకి ఇప్పటికీ పొలంలో పనిచేస్తోంది.

రెండో కారణం చెక్క. ఇది సైడ్‌లాకుల్లో, తొడుగు పలకల తుపాకుల్లో రెండింటిలోనూ చూశాను. ఒకాయన తుపాకి శీతాకాలమంతా బాగానే ఉండేది. ఆగస్టు ఉక్కపోతలో మాత్రం, అదీ కుడివైపు మాత్రమే, మీట ముట్టుకోగానే పడేది. ఇద్దరు పనివారు లాకు మార్చాలన్నారట. లాకులో ఏ లోపమూ లేదు. సియర్ తోక చుట్టూ చెక్కలో ఖాళీ చాలలేదు. ఏళ్ల తరబడి ఎక్కువగా పోసిన నూనె తాగి చెక్క మెత్తబడింది, తేమకు ఉబ్బి సియర్ తోకను పైకి నెడుతోంది. దీపం మసి పూసి లాకు అమర్చి చూస్తే చెక్కకు ఎక్కడ తగులుతోందో మసి గుర్తే చూపించింది. ఉలితో ఒక పలచటి పెచ్చు తీస్తే సరిపోయింది. అందుకే తుపాకిని బీరువాలో నిలబెట్టేటప్పుడు గొట్టాలు కిందికి ఉండేలా పెట్టమని అందరికీ చెబుతాను. నూనె చెక్కలోకి దిగదు.

ఎండిపోయి జిగురైన పాత నూనె మూడోది. సియర్ స్ప్రింగు సియర్‌ను గాడి అడుగుదాకా తోయలేక, సియర్ గాడి అంచునే నిలబడిపోతుంది. ముప్పై ఏళ్లు అటకమీద ఉన్న తుపాకుల్లో ఇది సాధారణం. కడిగితే పోతుంది.

ఇక నాలుగోది మనిషి వేలు. దాని గురించి చివర్లో చెబుతాను.

మీది ఎవరి తయారీ అని కూడా అడిగారు. గొట్టాల మీద సంస్థ పేరు లేకపోవడం వింత కాదు. ఎయిబార్ బాస్క్ ప్రాంతంలో, గిపుస్కోవా జిల్లాలో ఇరుకైన లోయలో ఉన్న ఊరు. అక్కడ తుపాకి అంటే ఊరంతటి పని. గొట్టాలు ఒకరు, లాకులు ఒకరు, చెక్క ఒకరు, చెక్కుడు పని మరొకరు చేసేవారు. పేరున్న సంస్థలు కూడా బయటి పనివారి మీద ఆధారపడేవి. 1937 ఏప్రిల్‌లో అంతర్యుద్ధపు బాంబులు ఆ ఊరిని నేలమట్టం చేశాయి. తరువాత మళ్లీ లేచింది. మీరు రోడ్ల మీద చూసే ఓర్బియా సైకిళ్ల సంస్థ కూడా అక్కడి తుపాకుల తయారీదారుగానే మొదలైంది. 1950ల నుంచి అమెరికా దుకాణాలు తమ పేరుతోనో, ఏ పేరూ లేకుండానో ఈ తుపాకులను భారీగా తెప్పించుకున్నాయి. ఒకే నమూనా అనిపించే రెండు తుపాకులు లోపల వేరువేరు చేతుల పని కావడం అందువల్లే. వీటిని పేరు చూసి కాక విప్పి చూసి అంచనా కట్టాలని నేను పట్టుబట్టేదీ అందుకే. 1980ల్లో చాలా సంస్థలను డియార్మ్ పేరుతో ఒకటిగా కలిపారు, ఆ ప్రయోగం నిలవలేదు. దానితోపాటు ఎందరో నేర్పరుల చేతిపని కూడా ఆగిపోయింది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

పేరు లేకపోయినా, గొట్టాలు పేలుడు ఒత్తిడికి ఆగుతాయో లేదో చూసే పరీక్షశాల ముద్రలు తప్పక ఉంటాయి. గొట్టాలు విప్పి, కింది చదును భాగం చూడండి. ఎయిబార్ పరీక్షశాల 1927 నుంచి ఏ సంవత్సరం పరీక్షించిందో తెలిపే అక్షరం కొట్టేది. 1955 నుంచి అక్షరం పక్కన అంకె కూడా చేరింది. తూటా గది పొడవు మిల్లీమీటర్లలో ఉంటుంది: 70 అయితే ఇక్కడ దొరికే మామూలు తూటా పొడవుకు సరిపోతుంది, 65 అయితే సరిపోదు. చాలా తుపాకుల మీద పరీక్ష ఒత్తిడి కూడా, చదరపు సెంటీమీటరుకు కిలోల్లో, ఉంటుంది. 850 అని ఉంటే అది మామూలు తూటాల తుపాకి, మాగ్నమ్ తూటాల జోలికి పోవద్దు.

బిగింపు సంగతి క్లుప్తంగా. గొట్టాల కింది రెండు కొక్కేలను పట్టే గడియ పర్డీ 1863 నాటి పద్ధతి. అసలు భారమంతా మోసేది అదే. మీ తుపాకిలో గొట్టాల మధ్య పట్టీ వెనక్కు సాగి, దానిలోంచి అడ్డంగా ఒక గుండ్రని కడ్డీ దూరుతోంది కదా, అది గ్రీనర్ అడ్డగడియ. స్పెయిన్ బాక్స్‌లాకుల్లో చాలా తరచుగా కనిపిస్తుంది, కొనేవారికి ధైర్యం ఇస్తుంది. అయితే అది నిజంగా బిగుసుకునేలా అమర్చినవి నేను తక్కువే చూశాను. దాన్ని చూసి తుపాకికి ఎక్కువ ధర కట్టకండి. బదులుగా ముందు చెక్క తీసేసి, తుపాకి మూసి, గొట్టాలను పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. కదలిక చేతికి తెలిసిందంటే బందు అరిగిందని అర్థం. అది బాగుచేయవచ్చు, ఖర్చుతో కూడిన పని.

తూటాలను ఎగరగొట్టే ఎజెక్టర్లు మీ తుపాకిలో లేవని బాధపడ్డారు. మీ అవసరానికి అది మేలే. అవి ఉంటే ముందు చెక్కలో మరో రెండు చిన్న గుర్రాలు, మరో రెండు స్ప్రింగులు, వాటి కాలం తప్పితే మరో మరమ్మతు.

పనివారి దగ్గరికి వెళ్లినప్పుడు ‘శుభ్రం చేయండి’ అని మాత్రం చెప్పి రాకండి. రెండు మీటల బరువు కొలిచి రాసివ్వమనండి. గుర్రం గాడి, సియర్ కొన భూతద్దం కింద చూసి, గట్టి పొర మిగిలి ఉందో లేదో చెప్పమనండి. డమ్మీ తూటాలు పెట్టి, గుర్రాలు ఎక్కుపెట్టి, తుపాకి మడమను, అంటే చెక్క వెనుక కొనను, రబ్బరు పలక మీద తట్టి గుర్రం పడుతుందేమో తన బల్ల దగ్గర పరీక్షించమనండి. నిలువు గోడ మూలలో బీటల కోసం చూడమనండి. ఇవి చేయనన్నవారికి ఈ తుపాకి ఇవ్వకండి. మీ అంతట మీరు స్క్రూలు విప్పే ప్రయత్నం కూడా చేయకండి. ఈ స్క్రూ తలల గాడి చాలా సన్నన. మామూలు స్క్రూడ్రైవరు జారితే చెక్కుడు పనిమీద పడిన గీత జీవితాంతం ఉంటుంది.

ఈలోగా అమ్మినవారికి ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి: ఆ రోజు నొక్కింది ముందు మీటా, వెనుక మీటా? ముందు మీట కుడి గొట్టానిది. దాన్ని నొక్కాక రెండోది కూడా పేలిందంటే, వెనక్కు తన్నిన అదురులో వేలు జారి వెనుక మీట మీద పడి ఉండవచ్చు. లాకు తప్పు కావచ్చు, కాకపోవచ్చు. వెనుక మీట నొక్కితే రెండూ పేలాయని చెబితే మాత్రం వేలి మీద అనుమానం అక్కరలేదు. అప్పుడు వేలు ముందు మీటకు వెనుక వైపున ఉంటుంది, దాన్ని వెనక్కు లాగే వీలే లేదు. అలాంటప్పుడు కుడి లాకు సియర్ జారిందన్నట్టే. ఆ జవాబు ఒక కాగితం మీద రాసి, తుపాకితోపాటు పనివారి చేతికి ఇవ్వండి. విప్పేటప్పుడు ఏ వైపు ముందు చూడాలో వారికి తెలుస్తుంది.